'బెగ్ ది క్వెశ్చన్': ఒక ఆంగ్ల పదబంధము యొక్క పుట్టుక, ప్రయోగము

సిద్ధాంతవ్యాసమును తెలుగున వ్రాసినను దాని సంగ్రహమును ఆంగ్లమున జోడించుట మనలో నున్న వాడుక. అట్టి సంగ్రహములలో నాకు తరచుగా నెదురగు పదబంధములలో 'బెగ్ ది క్వెశ్చన్' అనునది యొకటి. ఒక కావ్యము యొక్క కర్తృత్వమును గూర్చి కొంత చర్చ చేసి, "దిస్ బెగ్స్ ది క్వెశ్చన్" అని, దాని వెంటనే 'అట్లయిన దీనిని రచించిన వాడెవడు?' అను ప్రశ్నను చేర్చుదురు. 'ఇందువలన నొక ప్రశ్న పుట్టుచున్నది' అని చెప్పుటయే వ్రాసినవారి యుద్దేశము. కాని తర్కశాస్త్రపరిచయము గల పరీక్షకునకు ఆ వాక్యము వేరుగా వినబడును. 'ఇంతవరకు చేసిన వాదము దోషయుక్తము. సాధింపవలసిన దానినే ముందుగా నంగీకరించి సాధించినట్లు చెప్పితిని' అని పరిశోధకుడు తన మీద తానే తీర్పు చెప్పుకొన్నట్లుండును.

ఈ పదబంధమునకు నేడు మూడర్థములు చెలామణిలో నున్నవి. సాధ్యమునే హేతువులో నిమిడ్చి వాదించుట మొదటిది; ఇది శాస్త్రార్థము. అడిగిన ప్రశ్నకు సూటిగా బదులు చెప్పక తప్పించుకొనుట రెండవది. ప్రశ్నను పుట్టించుట మూడవది. రెండవ యర్థము పందొమ్మిదవ శతాబ్దమునుండి కానవచ్చుచున్నది. మూడవది ఇరువదవ శతాబ్దమున విశేషముగా వ్యాపించి నేడు పత్రికాభాషలో తక్కిన రెంటిని మించినది. ఏది సాధువు, ఏది యసాధువు అను నిర్ణయమును నిఘంటువునకు వదలిపెట్టిన తేలదు. ఏలయన నేటి నిఘంటువులు వాడుకను బట్టి మూడవ యర్థమును గూడ నెక్కించుకొనుచున్నవి. ఈ మాట యెక్కడ పుట్టినది, ఏ పనికొరకు పుట్టినది అని చూచినగాని వ్యవహారము విశదము కాదు.

మాటను ముక్కలుగా విరిచి చూచిన నర్థము చిక్కదు. 'బెగ్' అనగా యాచించుట. 'క్వెశ్చన్' అనగా ప్రశ్న. ప్రశ్నను యాచించుట యేమి? ఆంగ్లము మాతృభాషగా గలవారికే బోధపడని ఈ కూర్పు రెండువేల యేండ్లలో మూడు భాషలు మారుటవలన నేర్పడినది. మొదటి భాష గ్రీకు.

క్రీ.పూ. నాలుగవ శతాబ్దమున ఏథెన్సు నగరమందు వాదము ఒక నియమబద్ధమైన క్రీడగా సాగెడిది. ఇద్దరు కూర్చుందురు. ఒకడు ఉత్తరవాది, అతడొక ప్రతిపాదనను నిలుపుటకు పూనుకొనును. రెండవవాడు ప్రష్ట, అతడు అవునని గాని కాదని గాని చెప్పదగిన ప్రశ్నలను వరుసగా నడుగుచు, ఉత్తరవాది యొప్పుకొన్న మాటలనుండియే అతని ప్రతిపాదనకు విరుద్ధమైన దానిని రాబట్టవలెను. ప్రష్టకు తన సొంత సొమ్ము లేదు. ఎదుటివాడు 'సరే' అన్నదే అతని పెట్టుబడి. ఇట్టి క్రీడలో నొక సులభమైన మోసమునకు తావు కలదు. తాను చివరకు రాబట్టవలసిన దానినే 'దీని నొప్పుకొనుము' అని యడిగిన చాలును, వాదము ముగియును. దానికే అరిస్టాటిల్ 'తో ఎన్ ఆర్ఖే ఐతేయిస్థై' అని పేరు పెట్టెను. మొదట నున్న దానిని, అనగా మొదట వివాదమునకు పెట్టబడిన విషయమును, ఇమ్మని యడుగుట అని దాని యర్థము. ఇచ్చట 'అడుగుట' యనగా ప్రశ్నించుట కాదు, ఒప్పుదలను కోరుట. ఈ ధాతువునుండి పుట్టిన 'ఐతేమా' అను పదమునే యూక్లిడ్ తన రేఖాగణితమునందలి స్వీకృతములకు వాడినాడు. అవియు ప్రమాణము లేకయే యొప్పుకొనుమని పాఠకుని కోరిన విషయములే గదా.

అరిస్టాటిల్ ఈ దోషమును 'ప్రయర్ అనలిటిక్స్' రెండవ భాగమందు తర్కదృష్టితోను, 'టాపిక్స్' ఎనిమిదవ భాగమందు వాదక్రీడాదృష్టితోను చర్చించెను. రెండవచోట నతడు చూపిన అయిదు విధములు పరిశోధకులకు నేటికిని పనికివచ్చునవి. సాధ్యమునే సూటిగా నడుగుట మొదటిది. అదే మాటతో నడిగిన నెవడైనను పట్టుకొనును గాని, పర్యాయపదముతో నడిగినను, పేరునకు బదులు నిర్వచనమును పెట్టి యడిగినను కనిపెట్టుట కష్టమని అతడే హెచ్చరించెను. విశేషమును సాధింపవలసియుండగా దానిని తనలో నిముడ్చుకొన్న సామాన్యము నడుగుట రెండవది. సామాన్యమును సాధింపవలసియుండగా విశేషముల నడుగుట మూడవది. నాలుగవది సాధ్యమును తునుకలు చేసి, ఒక్కొక్క తునుకను వేరువేరుగా నడుగుట. వైద్యము ఆరోగ్యమునకును రోగమునకును సంబంధించిన శాస్త్రమని సాధింపవలసినవాడు, ఆరోగ్యమునకు సంబంధించినదని యొకమారు, రోగమునకు సంబంధించినదని యొకమారు ఒప్పించుకొనుట వంటిది. అయిదవది పరస్పరము విడరాని రెండు విషయములలో ఒకదానికొరకు రెండవదాని నడుగుట. చతురస్రము యొక్క కర్ణము భుజముతో సమమితము కాదని సాధించుటకు, భుజము కర్ణముతో సమమితము కాదని యొప్పించుకొనుట యిట్టిది.

ఈ దోషము మోసగాండ్రకు మాత్రమే పరిమితమైనచో దీనికింత చరిత్ర యుండదు. తెలియకయే దీనిలో పడుదురని అరిస్టాటిల్ కనుగొనెను. తన కాలమున సమాంతర రేఖలను నిర్మించి చూపితిమనుకొన్నవారు, సమాంతర రేఖలున్నవని యొప్పుకొననిదే నిలువని విషయములను తామెరుగకయే వాడుకొనుచున్నారని అతడు ఉదాహరించెను. ఇది యూక్లిడ్ కు పూర్వపు మాట. తరువాతి రెండువేల యేండ్ల కథ ఆ వాక్యమునకు వ్యాఖ్యానము వలె నున్నది. యూక్లిడ్ అయిదవ స్వీకృతమును తక్కిన నాలుగింటి నుండి సాధింప వలెనని పలువురు మేధావులు యత్నించిరి. టాలెమీ సాధనలో దోషమును పట్టినవాడు అయిదవ శతాబ్దపు ప్రోక్లస్. కాని ప్రోక్లస్ స్వయముగా చేసిన సాధనలో, సమాంతర రేఖల నడిమి దూరము హద్దు మీరదని యూరకయే గ్రహించెను. అదియు నాస్వీకృతమునకు మారురూపమే. 1663లో ఆక్స్‌ఫర్డునందు జాన్ వాలిస్ చేసిన ఉపన్యాసమున, ఏ త్రిభుజమునకైనను దానిని పోలినదియు పరిమాణమున వేరైనదియు నగు త్రిభుజమును నిర్మింపవచ్చునని గ్రహింపబడినది. అదియు నంతే. అయితే వాలిస్ తాను గ్రహించిన దానిని దాచలేదు, స్పష్టముగా పేర్కొనెను. కావున అతనికి తక్కిన వారితోబాటు దోషమంటగట్టుట న్యాయము కాదని నా యభిప్రాయము. లొబచెవ్‌స్కీ 1829లోను, బోల్యాయి 1832లోను ఆ స్వీకృతము లేని రేఖాగణితములను వెలువరించిరి. 1868లో బెల్ట్రామి నమూనాతో, తక్కిన నాలుగింటినుండి అది రాబట్టరానిదని స్థిరపడినది. రాబట్టరాని దానిని రాబట్టితిమన్నవారందరును ఎక్కడనో దానిని ముందే చేతబట్టుకొనియుండిరన్న మాట.

ఇక లాటిన్ దశ. మధ్యయుగ విశ్వవిద్యాలయములలో వాదము పాఠ్యక్రమమందలి భాగము. ఆక్షేపకుడు, సమాధాత అను పాత్రలు అచ్చటను కలవు. పదమూడవ శతాబ్దపు తర్కపాఠ్యకర్త యగు స్పెయిన్ దేశపు పీటర్ మొదలగువారు ఈ దోషమును 'మొదట నున్న దానిని కోరుట' యను అర్థము వచ్చునట్లు పొడవుగానే వ్యవహరించిరి. అది కుదించబడి 'పెటిషియో ప్రిన్సిపియై' అయినది. ఈ కుదింపులో నష్టమున్నది. 'ప్రిన్సిపియుమ్' అనగా ఆది అనియు, మూలసూత్రమనియు రెండర్థములు. ఇచ్చట గ్రాహ్యమగునది మొదటిది. మూలసూత్రమును యాచించుట యని యనువదించిన పొరబాటగును. ఇక 'పెటిషియో' యనునది మనకు క్రొత్తది కాదు. ఆంగ్లము మీదుగా మన కచేరీలకు వచ్చి 'పిటీషను'గా తెలుగు పల్లెలలో సైతము స్థిరపడిన మాట అదియే.

ఆంగ్లానువాదకులు 'పెటిషియో'కు 'బెగ్' అని, 'ప్రిన్సిపియుమ్'నకు 'క్వెశ్చన్' అని పెట్టిరి. నాటి ఆంగ్లమున ఈ రెండు మాటలకును నేటికంటె విశాలమైన అర్థమున్నది. వినయముతో కోరుట యను అర్థమున 'బెగ్' నేటికిని 'ఐ బెగ్ టు స్టేట్' అని మొదలగు మన దరఖాస్తులలో మిగిలియున్నది. అట్టి దరఖాస్తు వ్రాయువాడు భిక్షాపాత్రను పట్టుకొనుట లేదు, విన్నవించుకొనుచున్నాడు. 'క్వెశ్చన్' అనగా వివాదాంశము. శాసనసభలో సభాపతి ఒక తీర్మానమును ఓటునకు పెట్టుటను 'పుటింగ్ ది క్వెశ్చన్' అందురు. అచ్చట ప్రశ్నార్థక వాక్యము ప్రధానము కాదు; తేలవలసిన విషయము ప్రధానము. మన శాస్త్రభాషలో విప్రతిపత్తి యను మాట దీనికి దగ్గరగా నుండును. కావున 'బెగ్ ది క్వెశ్చన్' అనగా తేలవలసిన విషయమునే ఒప్పుకొనుమని కోరుట. ఈ రెండు పాతయర్థములు మరుగుపడిన పిమ్మట పదబంధము మిగిలినది, దాని లోపలి తర్కము పోయినది. వెలితిని పాఠకులు తమకు తోచినట్లు పూడ్చుకొనిరి. 'ఈ విషయము ఒక ప్రశ్నను అడుగుమని బతిమాలుచున్నది' అని వారు దానిని విడదీసికొనుటవలననే మూడవ యర్థము పుట్టినది. దానిని కేవలము అజ్ఞానమని నిందించుట కంటె, అర్థము చెడిన పాత్రలో క్రొత్త యర్థమును పోసికొనుట యని చెప్పుట సమంజసము.

ఆక్స్‌ఫర్డు నిఘంటువు ఈ పదబంధమునకు చూపిన తొలి ప్రయోగము 1581 నాటిది. దాని సందర్భము గమనింపదగినది. ఆ యేట ఎడ్మండ్ కాంపియన్ అను జెసూయిట్ మతగురువును లండన్ టవరునందు బంధించి, హింసించి, ఆ పిమ్మట ప్రొటెస్టెంటు పండితులతో వాదమునకు నిలిపిరి. సిద్ధపడుటకు అతనికి తగిన వ్యవధి లేదు. ఎదురు ప్రశ్న వేయుటకు స్వాతంత్ర్యము లేదు. సమాధాత పాత్ర మాత్రమే అతనిది. ఆ వాదముల లిఖితములో, ప్రభుత్వపక్షమున నిలిచినవాని నోట, 'ఇదియు వివాదాంశమును కోరుటయే' అను ఆక్షేపణ వినవచ్చుచున్నది. ఆ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన కాంపియన్ ఉరితీయబడెను. తేలవలసిన విషయమును ముందే తేల్చుకొని పిలిపించిన సభలో ఈ మాట బందీ మీద ప్రయోగింపబడుట విచిత్రము. నియమబద్ధమైన క్రీడకొరకు పుట్టిన మాట, నియమములు ఒక పక్షమునకే వర్తించు చోట ఆంగ్లమున తొలిసారి కనబడినది.

తరువాతి రెండు ఘట్టములు ప్రయోగదృష్ట్యా ముఖ్యములు. 1843లో జాన్ స్టువర్ట్ మిల్ తన తర్కగ్రంథమున, అనుమానవాక్యమంతయు సిద్ధాంతమునకు ప్రమాణముగా గ్రహించినచో ఈ దోషమునకు లోబడునని చెప్పెను. మనుష్యులందరును మర్త్యులని నిశ్చయించునపుడు, అప్పటికి జీవించియున్న వెల్లింగ్టన్ ప్రభువు మర్త్యుడని ముందే యొప్పుకొన్నట్లు కాదా యని అతని శంక. వ్యాప్తిగ్రహణమును గూర్చి మన చార్వాకులు లేవదీసిన ఆక్షేపమునకు ఇది దూరపు చుట్టము. దానిని విచారింపబూనిన వేరొక వ్యాసమగును.

రెండవ ఘట్టము అంతకు పూర్వపుది, మనకు మరింత దగ్గరిది. 1824లో వెలువడిన హేత్వాభాసగ్రంథమున జెరెమీ బెంథామ్, వాదమంతయు అక్కరలేకయే ఒక్క పేరుతో ఈ దోషమును చేయవచ్చునని చూపెను. వివాదమందున్న వస్తువును నిందాగర్భమైన లేక స్తుతిగర్భమైన పేరుతో పిలిచిన చాలును. తీర్పు పేరులోనే యుండును. తెలుగు విద్యార్థులకు దీనికి ఉదాహరణము వెదుకనక్కరలేదు. 1911లో ఆంధ్రసాహిత్యపరిషత్తు ఏర్పడిన తరువాత ముదిరిన భాషావివాదమున గిడుగు రామమూర్తి పంతులు పక్షమునకు 'గ్రామ్యవాదము' అని ఎదుటివారు పేరు పెట్టిరి. శిష్టులు మాటలాడు భాష గ్రామ్యమా, కాదా యనునదే అచ్చట తేలవలసిన విషయము. దానిని గ్రామ్యమని పిలుచుటతోనే ఆ విషయము తేలినట్లయినది. పంతులుగారు వ్యావహారికమను పేరును పట్టుబట్టుట కేవలము మాటకొరకు పోరాటము కాదు. (ఈ వ్యాసము గ్రాంథికమున నున్నది గనుక వ్రాయువాడు ఫలానా పక్షమువాడని యెంచుటయు అట్టి దోషమే యగును.) కావ్యపరిష్కరణమున 'ప్రక్షిప్తము', 'లేఖకప్రమాదము' అను మాటలను గూడ ఇట్లే జాగ్రత్తతో వాడవలసియుండును. ప్రక్షిప్తమని నిరూపింపవలసిన పద్యమును మొదటి వాక్యముననే 'ఈ ప్రక్షిప్తపద్యము' అని పేర్కొన్న పీఠికలు చాల కలవు.

ఇక ప్రయోగనియమములు. శాస్త్రార్థమున ఈ పదబంధము తనంతట తాను పూర్ణము. దాని కర్త వాదము గాని, వాది గాని, ఒక నిర్వచనము గాని యగును. దాని తరువాత ప్రశ్నావాక్యము రాదు. 'బెగ్స్ ది క్వెశ్చన్' అన్న పిమ్మట 'హూ', 'వై', 'వెదర్' అను మాట చేరెనేని అది మూడవ యర్థమని నిస్సంశయముగా తెలిసికొనవచ్చును. ఈ యొక్క గుర్తు చాలును. తత్త్వశాస్త్రజ్ఞులు 'ఎగెయిన్స్ట్' అను మాటను చేర్చి, ఫలానా ప్రతిపక్షి విషయమున ఈ వాదము వివాదాంశమును ముందే గ్రహించుచున్నదని చెప్పుట కలదు. ఇది మంచి ప్రయోగము. ఏలయన ఒక వాక్యము స్వతస్సిద్ధముగా ఈ దోషము కలది కాదు. ఎదుటివాడు దేనిని కాదనుచున్నాడో దానిని బట్టి దోషమేర్పడును. ఇద్దరును అంగీకరించిన దానిని గ్రహించుటలో తప్పేమియు లేదు. విశేషణముగా 'క్వెశ్చన్-బెగింగ్' అను రూపమును గూడ వాడవచ్చును.

మూడవ యర్థమున దీనిని వాడవచ్చునా? 1926లో వెలువడిన ఫౌలర్ ప్రయోగకోశమున శాస్త్రార్థమే చెప్పబడినది. తరువాతి ప్రయోగకోశకారులలో పలువురు మూడవ యర్థమును నిషేధించిరి. అమెరికా భాషాశాస్త్రజ్ఞుడు మార్క్ లిబర్మన్ 2010లో చేసిన సూచన వేరు. పదబంధము రెండు విధముల చెడినది గనుక రచయిత దానిని తాను వాడకుండుట మేలనియు, ఇతరులు వాడిన వారిపై విరుచుకుపడవలదనియు అతని సలహా. పత్రికారచనకు ఈ సలహా చాలును. పరిశోధనరచనకు నేను మరికొంత పట్టుదల కోరుదును. ప్రశ్న పుట్టుచున్నదని చెప్పుటకు 'రెయిజెస్ ది క్వెశ్చన్' అను నిర్దుష్టమైన పదబంధము సిద్ధముగానున్నది. తప్పించుకొనుటకు 'ఇవేడ్స్' అను మాట కలదు. వానికి బదులుగా దీనిని వాడిన లాభమేమియు లేదు. శాస్త్రార్థమునకు మాత్రము ఆంగ్లమున ఇంత క్లుప్తమైన మాట వేరొకటి లేదు. 'అస్యూమ్స్ ది కన్‌క్లూజన్' అనిన నర్థము స్పష్టమే. పాఠకుడు భ్రమపడునను సందేహమున్నచోట అట్లనియే వ్రాయవలెను.

దీనికి తెలుగున ఏమనవలెను? మాటకు మాటగా 'ప్రశ్నను యాచించుట' యని వ్రాయుట హాస్యాస్పదము. సంస్కృతపరిచయము గలవారు వెంటనే 'సాధ్యసమము' అందురు. ఈ సమీకరణము ఆంగ్లమున వ్రాసిన భారతీయతర్కగ్రంథములలో గూడ ప్రచారమందున్నది. కాని పరిశీలించి చూడగా రెండును ఒకటి కావు.

గౌతముని న్యాయసూత్రములలో చెప్పబడిన అయిదు హేత్వాభాసములలో సాధ్యసమము నాలుగవది. సాధ్యము వలెనే హేతువు గూడ సాధింపబడవలసిన దశలో నున్నచో అది సాధ్యసమము. భాష్యకారుడు వాత్స్యాయనుడు ఇచ్చిన ఉదాహరణమును చూడుడు. నీడ ద్రవ్యము, చలించునది గావున అని యొకడు వాదించును. నీడ నిజముగా చలించుచున్నదా? కాంతిని అడ్డగించు వస్తువు కదలుచుండగా, కాంతి లేని తావులు వరుసగా నేర్పడుటయే చలనముగా తోచుచున్నదేమో. కావున చలనమను హేతువే అసిద్ధము. ఇచ్చట 'చలించును' అనునది 'ద్రవ్యము' అనుదానికి మారుపేరు కాదు. దానిలో నిమిడియున్నదియు కాదు. అది వేరొక విషయము, ఇంకను నిరూపింపబడనిది. అరిస్టాటిల్ చెప్పిన దోషమునకు ప్రాణము సాధ్యహేతువుల అభేదము లేక పరస్పరాధీనత. న్యాయసూత్రము చెప్పిన దోషమునకు ప్రాణము హేతువు యొక్క అసిద్ధత. మొదటిది రెండవదానిలో నొక ప్రత్యేకస్థితిగా చేరవచ్చును గాని రెండును సమవ్యాప్తములు కావు. నవ్యతర్కమున సాధ్యసమమను పేరు వెనుకబడి దానిస్థానమున 'అసిద్ధ' మను పేరు నిలిచినది గూడ ఈ కారణముననే. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున అసిద్ధమును ఆశ్రయాసిద్ధము, స్వరూపాసిద్ధము, వ్యాప్యత్వాసిద్ధమని మూడుగా విభజించెను. ఆ మూటిలో ఏదియు 'పెటిషియో' కాదు. 1974లో బిమలకృష్ణ మతిలాల్ ఈ సమీకరణమును విమర్శించుచు ప్రత్యేకవ్యాసమునే వ్రాసెను. నాగార్జునుని మూలమధ్యమకకారికల నాల్గవ ప్రకరణాంతమున వచ్చు సాధ్యసమశబ్దమును ఆంగ్లానువాదకులు 'పెటిషియో'గా మార్చుటలోని చిక్కును గూర్చి కమలేశ్వర భట్టాచార్య గూడ ఆ కాలముననే చర్చించెను. శూన్యతను ఆక్షేపించువాడు చూపు హేతువు గూడ సాధ్యము వలె వివాదగ్రస్తమేయని నాగార్జునుని తాత్పర్యము. హేతువు సాధ్యముతో అభిన్నమని కాదు.

అట్లయిన మన తర్కమున 'పెటిషియో'కు సరియైన జోడు లేదా? ఒక్క పేరుతో లేదు. కొన్ని పేర్లలో చెదరియున్నది. ప్రతిజ్ఞావాక్యమందలి యంశమునే హేతువుగా చెప్పినచో 'ప్రతిజ్ఞార్థైకదేశము' అందురు. శబ్దము అనిత్యము, శబ్దము గావున అనునట్టిది. తనను తానే ఆధారముగా గొన్నచో ఆత్మాశ్రయము. రెండు విషయములు ఒకదాని నొకటి ఆధారపడినచో అన్యోన్యాశ్రయము. మూడు మొదలు పెక్కు మెట్లు తిరిగి మొదటికే వచ్చినచో చక్రకము. అరిస్టాటిల్ ఒక్క పేరుక్రింద చేర్చిన వానిని మనవారు ఆకారభేదమును బట్టి విడదీసిరి. విమర్శ వ్రాయువానికి ఈ విభాగమే ఉపయుక్తము; ఏలయన దోషమున్నదని చెప్పుటతో ఆగక, అది యెచ్చట మలుపు తిరిగినదో చూపుమని యది నిర్బంధించును. తెలుగున సామాన్యముగా చెప్పవలసివచ్చినపుడు 'సాధ్యమునే హేతువుగా గ్రహించుట' యని విప్పి వ్రాయుట క్షేమము.

ఒక యుదాహరణముతో దీనిని పరీక్షింతము. ఆంధ్రశబ్దచింతామణి నన్నయకృతమా, కాదా యనునది మన సాహిత్యచరిత్రలో బహుకాలముగా నలుగుచున్న వివాదము. ఆ గ్రంథము భీమకవిచే గోదావరి పాలు చేయబడి, సారంగధరుని మూలమున నిలిచి, బాలసరస్వతికి లభించెనను కథను పదునేడవ శతాబ్దమున అప్పకవి చెప్పెను. ఆ కథను విడిచి కేవలము బిరుదును పట్టుకొని వాదించువారున్నారు. వారి వాదసరణి యిట్లుండును: నన్నయకు వాగనుశాసనుడను ప్రసిద్ధి కలదు, వ్యాకరణము రచించినవానికే అట్టి బిరుదు తగును, కావున నన్నయ వ్యాకరణమును రచించెను. మధ్యమవాక్యమునకు ఆధారమేమని యడిగినచో, 'వాగనుశాసనుడైన నన్నయయే వ్యాకరణకర్త గదా' యని బదులు వచ్చును. బిరుదు వలన వ్యాకరణము, వ్యాకరణము వలన బిరుదునకు ఆ యర్థము. ఇది శుద్ధమైన అన్యోన్యాశ్రయము.

అయితే ఆక్షేపకుడు గూడ తొందరపడరాదు. బిరుదునుండి వాదించుట యంతయు ఈ దోషమునకు లోబడదు. నన్నయభారతావతారికలోనే కవికి విపులశబ్దశాసనుడను విశేషణమున్నది. దాని యర్థమును సమకాలిక ప్రయోగములనుండి, శాసనములనుండి, పొరుగుభాషల కవుల బిరుదులనుండి నిర్ణయింపగలిగినచో, ఆ నిర్ణయము చింతామణిపై ఆధారపడలేదు గనుక వాదము బలహీనము కావచ్చును గాని దుష్టము కాదు. ఈ భేదమును పాటింపక, తనకు రుచింపని ప్రతివాదమును 'బెగ్స్ ది క్వెశ్చన్' అని కొట్టివేయుట గూడ నేడు వాడుకయైనది. నన్నెచోడుని కాలనిర్ణయమందును ఈ రెండు విధముల వాదములు కలవు. మానవల్లి రామకృష్ణకవి 1909లో కుమారసంభవమును ప్రకటించి, ఆ కవి నన్నయకు పూర్వుడని ప్రతిపాదించినది మొదలు, గ్రంథమందలి కొన్ని రూపములు ప్రాచీనములని చూపి కాలమును వెనుకకు జరిపినవారున్నారు. ఆ రూపములు ప్రాచీనములని యెట్లు తెలిసినది? 848 నాటిదని చెప్పబడు అద్దంకి శాసనము వంటి కాలము తెలిసిన లిఖితముల భాషతో పోల్చి తెలిసినదన్న, విచారింపదగిన హేతువు. నన్నయకు పూర్వుడైన నన్నెచోడునియందు కానవచ్చుటవలన తెలిసినదన్న, అది హేతువే కాదు.

ఈ రెండవ వాదమును గూర్చి ఆంగ్లసంగ్రహమున వ్రాయవలసివచ్చినపుడు, ఆ రూపముల ప్రాచీనత కవి కాలముపైననే ఆధారపడియున్నదని మొదట నొక వాక్యమున చూపి, ఆ పిమ్మట "ది ఆర్గ్యుమెంట్ బెగ్స్ ది క్వెశ్చన్" అని వ్రాసి చుక్క పెట్టవచ్చును. దాని తరువాత మరియొక మాట అక్కరలేదు.